ఎడమ వైపు కుట్టు

"ఆస్పత్రికి ఫోన్ చేసిందెవరు?"

దర్జీ కొట్టు గుమ్మంలోనే నిలబడి అడిగింది పిన్నీసు. చెప్పులు విప్పలేదు. గొడుగు మడవలేదు. దాని చివర నుంచి వాననీళ్లు అప్పుడే తుడిచిన నేల మీద కారుతున్నాయి.

కత్తిరింపు బల్ల దగ్గర ఆమె భర్త తల ఎత్తలేదు. వీధిలో అందరూ అతన్ని మాస్టరు అంటారు, ఇంట్లోనూ అదే పిలుపు. హోటలు పనివాళ్ల కోట్ల కోసం నల్లగుడ్డ మడతలుగా పరిచి, పై మడత మీద సుద్దతో గీత లాగుతున్నాడు. గీత పూర్తయ్యేదాకా మాట్లాడకపోవడం అతని అలవాటు. పెళ్లయిన కొత్తలో ఆ అలవాటు ఆమెకు ముచ్చటగా ఉండేది.

"గీత తర్వాత గీసుకోవచ్చు. నేనడుగుతున్నా."

"ఏ ఫోను?"

"రేపటి ఆపరేషన్ వద్దని చేసిన ఫోను. నాకు జ్వరమట. రక్తపరీక్షకి చెయ్యి చాపి కూచున్నాక చెప్పింది కౌంటర్లో అమ్మాయి. 'మీది రద్దయింది కదా, మళ్లీ ఎందుకొచ్చారు?' అంది. నలుగురిలో."

"ఎవరు చేశారట?"

"మన ఇంటివాళ్లేనట. ఎవరో ఆ అమ్మాయికి తెలీదు. తెలిస్తే ఇలా గుమ్మంలో నిలబడి అడిగేదాన్ని కాదు."

కొట్టు మధ్యలో ఎత్తుపీట మీద బ్యాంకులో పనిచేసే ఆవిడ రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడి ఉంది. కొత్త కోటు ఒంటి మీదే సరిచేయించుకుంటోంది. చంకల నుంచి నడుము దాకా గుండుసూదులు. చేతులు దించడానికి లేదు, పీట దిగడానికి లేదు. ఆవిడ కాళ్ల దగ్గర గొంతుక్కూచుని, పెదాల మధ్య మరో రెండు సూదులు పట్టుకుని ఉంది మాస్టరు అక్కగారు, పిన్నీసుకి వదిన. కొట్టు తాళాలు ఆవిడవి. కొట్టుకొచ్చే ఆడవాళ్ల కొలతలన్నీ ఆవిడ తలలో ఉంటాయి. కాలరు మీద ఎప్పుడూ పిన్నీసులు గుచ్చుకుని తిరుగుతుందని మరదలికి ఆ పేరు పెట్టిందీ ఆవిడే.

వదిన నోట్లోంచి సూదులు తీసింది.

"తడిసొచ్చావు. పైకెళ్లి తల తుడుచుకో ముందు. గిరాకీ ముందు ఏంటిది?"

"గిరాకీ ముందే అడుగుతా. పైకెళితే ఈ ఇంట్లో ఎవరూ సమాధానం చెప్పరు. తలో గది తలుపూ వేసుకుంటారు."

"నేను తర్వాత వస్తానండీ," అంది బ్యాంకావిడ మెల్లగా.

"ఎలా వస్తారు, ఒంటి నిండా సూదులతో? కదలకండి. గుచ్చుకుంటాయి."

మాస్టరు సుద్ద బల్ల మీద పెట్టాడు. వేళ్లు దులుపుకున్నాడు.

"నేను చెయ్యలేదు."

"చెయ్యలేదా?"

"చెయ్యలేదు. వద్దని అన్నాను. నీ మొహం మీదే అన్నాను. చాటున ఫోన్లు చెయ్యాల్సిన ఖర్మ నాకేంటి?"

"మొహం మీద అంటే నేను వినలేదుగా. అందుకు."

"కాన్పు కానీ, ఆ తర్వాత ఏం చేయించుకుంటావో చేయించుకో అన్నాను. మూడు నెలలు ఆగమన్నాను. అదీ తప్పేనా?"

"నేను ఆగుతా. అది ఆగుతుందా?"

గడ్డ సంగతి తేలిన రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు ఎవరూ పలకడం లేదు. 'అది' అంటున్నారు. అది ఎంత ఉంది, అది ఎప్పుడు తీస్తారు, అది ఇంకెక్కడికైనా పాకిందా. వేరే ఇంటి మనిషి గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది వినేవాళ్లకి.

"డాక్టరమ్మ నీకు బొమ్మ గీసి మరీ చెప్పింది," అంది పిన్నీసు. "బిడ్డ ఉన్నదెక్కడో, కోసేదెక్కడో. మత్తులో ఉన్నంతసేపూ బిడ్డ గుండె చూస్తూనే ఉంటామంది. ఆ తర్వాత ఎక్కించే మందులు కూడా ఈ నెలల్లో ఇవ్వొచ్చంది. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అదొక్కటే కాన్పయ్యాక అంది. కడుపు తీయించుకుంటే జబ్బు తగ్గుతుందా అని నువ్వే అడిగావు. తగ్గదంది. ఆగితే మాత్రం పెరుగుతుందంది. విన్నావు. తల కూడా ఊపావు."

"ఆవిడకేం, చెప్తుంది. ఆవిడ బిడ్డా?"

"నా బిడ్డ. తల్లి లేకుండా పెరగడానికి కంటున్నానా దాన్ని?"

"అదిగో, మొదలుపెట్టింది," అంది వదిన. "ఎప్పుడు నోరు విప్పినా చావు మాటే. రొమ్ము తీసేయించుకున్నాక పుట్టినదానికి పాలెవరిస్తారో ఆ డాక్టరమ్మ బొమ్మ గీసిందా?"

"డబ్బా పాలు పడతా. నువ్వేం తాగి పెరిగావో గానీ వదినా, నీ నోట్లోంచి వచ్చేది చూస్తే తల్లిపాలని ఎవరూ అనుకోరు."

బ్యాంకావిడకి దగ్గొచ్చింది. దగ్గితే సూదులు దిగుతాయని బలవంతాన ఆపుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చూశావురా మాస్టరూ? చూశావా దీని నోరు?"

"అక్కా, నువ్వూరుకో."

"నేనే ఊరుకోవాలి. ఎప్పుడూ నేనే."

మాట మరల్చాలని కాబోలు, బ్యాంకావిడ గొంతు సవరించుకుంది.

"ఎడమ పక్క కాస్త బిగుతుగా ఉందండీ. చెయ్యెత్తితే పట్టేస్తోంది."

పని మాట చెవిన పడగానే వదిన మొహం తేటపడింది. లేచి నిలబడి, చంక కింద రెండు వేళ్లు పెట్టి చూసింది.

"దానికేముంది. ఈ ఎడమ వైపు కుట్టు విప్పి కొంచెం వదులు చేస్తే సరి. చేసినట్టు కూడా తెలీదు. మా పిన్నీసుకి రెండుసార్లు చేశాను. ఇన్నేళ్లు సూది పట్టిన మనిషి, వేసుకు తిరిగింది గానీ తనకే తెలీలేదు."

పనితనం గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఎప్పుడూ ఒక హాయి ఉంటుంది. ఆ హాయితోనే చెప్పింది. చెప్పాక ఆగిపోయింది.

బయట వాన కొంచెం పెద్దదయింది.

"నాకా?" అంది పిన్నీసు.

వదిన బ్యాంకావిడ కోటు అంచు సర్దింది.

"నా చొక్కాకా? ఎడమ పక్కా?"

"ఏదో, మాటకి..."

పిన్నీసు గొడుగు గోడకి చేరేసి, కొలతల మూలకి వెళ్లి తెర లాక్కుంది. వచ్చేటప్పుడు ఆమె ఒంటి మీద అక్కడి కొక్కెం నుంచి తీసిన ఎవరిదో సగం కుట్టిన కోటు ఉంది. చేతుల పొడుగునా, తర్వాత విప్పేసే తెల్లని పచ్చికుట్లు. విప్పిన పనిచొక్కాను లోపలి వైపు పైకి తిప్పి కత్తిరింపు బల్ల మీద, భర్త గీసిన సుద్దగీతల మీద పరిచింది. లేతనీలం చొక్కా. ఈ కొట్టులో పనిచేసే ముగ్గురికీ అదే రంగు.

కుట్టు విప్పిన చోట గుడ్డ మీద సూది పడిన చుక్కలు వరసగా మిగులుతాయి. ఇస్త్రీ చేసినా పోవు. బయటివాళ్లకి కనపడవు, పనివాళ్లకి కనపడతాయి. కుడివైపు కుట్టు మొదట ఎలా వేశారో అలాగే ఉంది. ఎడమవైపు కుట్టు పక్కన ఒక చుక్కల వరస. దాని పక్కన ఇంకొకటి.

ఆమె వేలితో మొదటి వరస వెంట పోయింది.

"ఇది ఎప్పుడు విప్పావు?"

"గుర్తులేదు."

"నీకు గుర్తులేదా? ఎప్పుడో పోయినవాళ్ల నడుము కొలత అడిగినా చెప్తావు నువ్వు."

"చిన్న పని. ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"వదినా."

వదిన చేతిలోని సూదులను సూదుల దిండుకి గుచ్చింది. ఒకటి గుచ్చి, రెండోది గుచ్చి, మొదటిది తీసి మళ్లీ గుచ్చింది.

"నువ్వు నెల తప్పకముందు," అంది. "ఉతికిన బట్టలు మడతపెడుతుంటే చూశాను. చంక కింద గుడ్డ లాగినట్టు గీతలు పడ్డాయి. గుడ్డ లాగుతుంటే నా కళ్లు ఊరుకోవు. విప్పి కుట్టాను. అంతే."

"నాకు చెప్పలేదు."

"చెప్పడానికేముంది అందులో? గుడ్డ చాలకపోతే విప్పుతాం. ఎక్కువైతే లోపలికి పట్టి కుడతాం. పొద్దున లేస్తే చేసేది అదేగా. అది చూసి నీ ఒంట్లో ఏదో ఉందని నేనెందుకనుకుంటాను?"

"రెండోసారి?"

"రెండోసారికి కడుపుతో ఉన్నావు. ఒళ్లు చేస్తున్నావనుకున్నా."

"ఒక్క ఎడమ పక్కే చేస్తుందా ఒళ్లు?"

వదిన సూదుల దిండు బల్ల మీద పెట్టింది.

పీట మీద బ్యాంకావిడ చాపిన చేతులు కిందికి జారుతున్నాయి. ఆ సంగతి ఎవరూ చూడలేదు.

మాస్టరు బల్ల మీదకి వంగి చొక్కాను చూస్తున్నాడు. వేలు పెట్టలేదు. చాలాసేపు చూసి, "అక్కా," అన్నాడు. "మొన్న దీనికి కొత్త చొక్కా కోసేటప్పుడు ఎడమ ముక్క వెడల్పుగా ఉంచమన్నావు."

"అన్నాను."

"నేను కోశాను."

"కోశావు. ఎందుకని అడిగావా?"

"నువ్వు కొలత చెప్తే నేనెప్పుడైనా ఎందుకని అడిగానా?"

"నా మీద తోసెయ్యకురా. మొగుడివి నువ్వు. నీ పెళ్లాం కొలత నీకు నేను చెప్పాలా?"

అతని మొహం ఎర్రబడింది. కత్తెర తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ అక్కడే పెట్టాడు.

"ఇద్దరూ చూశారు," అంది పిన్నీసు. ఆమె గొంతు పెరగలేదు. "ఒకరు విప్పారు, ఒకరు కోశారు. నేను వేసుకున్నాను. అద్దం ముందు నిలబడి, ఈ చొక్కా ఎంత హాయిగా ఉందో అని కూడా అనుకున్నాను. బిగిసి ఉంటే చెయ్యి పెట్టి చూసుకునేదాన్నేమో. అప్పుడు ఎంత ఉండేదో అది."

"నేను కావాలని చేశానా?" వదిన గొంతు పగిలింది. "కావాలని చేశానని అను. అనెయ్. నీ నోటికి అడ్డేముంది?"

"కావాలని చేశావనడం లేదు. ఫోన్ మాత్రం కావాలనే చేశావు."

"ఏంటీ?"

"రేపు కోశాక డాక్టరమ్మ చెప్తుంది, ఇది కడుపొచ్చాక వచ్చింది కాదు, ముందు నుంచీ ఉందని. అప్పుడు అందరం లెక్కలు వేసుకుంటాం, ఎవరి కళ్లకు ఎప్పుడు కనపడిందని. అందుకే కదూ ఆపాలనుకున్నావు?"

"నోరు ముయ్యి."

"నా గడ్డకి నువ్వు ఇల్లు కట్టించావు వదినా. చోటు చాలడం లేదని గోడ జరిపించావు."

"నోరు ముయ్యమన్నానా!" వదిన చేతి కింద సూదుల దిండు ఎగిరి నేల మీద పడింది. "నేను చెయ్యలేదు ఫోను. నమ్మితే నమ్ము, లేకపోతే చావు."

అన్నాక ఆ ఆఖరి మాట గదిలోనే ఉండిపోయింది.

"నన్ను దించండి," అంది బ్యాంకావిడ. ఆవిడ ఏడుస్తోంది. "దయచేసి ఎవరైనా నన్ను దించండి."

మాస్టరు చెయ్యి అందించాడు. ఆవిడ దిగి, బ్యాగు భుజాన వేసుకోబోయి గుచ్చుకుని, చేత్తోనే పట్టుకుని, ఆ కోటుతోనే వానలోకి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

"రేపు నువ్వు రావు," అంది పిన్నీసు భర్తతో. అది ప్రశ్న కాదు.

"మళ్లీ రేపు ఎక్కడుంది? రద్దయిందిగా."

"డాక్టరమ్మని అడిగి కబురు చేస్తామన్నారు. రమ్మంటే వెళతాను. నువ్వు వస్తావా?"

అతను సుద్దగీత మీద పరిచిన చొక్కా వైపు చూశాడు.

"బిడ్డకేమన్నా అయితే అక్కడ నిలబడి చూడటం నా వల్ల కాదు."

"నాకేమన్నా అయితే?"

అడిగి ఆమె మెట్లెక్కేసింది.

*

పైన వంటగదిలో పిన్నీసు తల్లి గిన్నెలు కడుగుతోంది. కింది అరుపులు పైకి వినపడని ఇల్లు కాదు అది. చెక్క నేల సందుల్లోంచి మిషను చప్పుడు కూడా వస్తుంది. కూతురికి సాయం ఉంటానని ఊరి నుంచి వచ్చిన దగ్గర నుంచి తల్లి ఆ చప్పుడుకి నిద్రపట్టడం లేదంటోంది. ఇవాళ మాత్రం ఏమీ విననట్టు కొళాయి పూర్తిగా తిప్పి పెట్టింది.

"విన్నావుగా," అంది పిన్నీసు.

"విన్నాను. ఎవరిదా కోటు?"

"ఎవరిదో. ముందు నుంచే చూసిందట ఆవిడ. చూసి, కుట్టు విప్పి ఊరుకుంది."

"తెలియక చేసింది."

"నువ్వు ఆవిడ వైపా?"

"నేను ఎవరి వైపూ కాదు. తల తుడుచుకో. జలుబు చేస్తుంది."

తల్లి అందించిన తువ్వాలు ఆమె తీసుకోలేదు. కుర్చీ లాక్కుని కూచుంది. కూచునేటప్పుడు ఒక చెయ్యి బల్ల మీద ఆనించాల్సి వస్తోంది ఈ మధ్య.

"జ్వరమే ఉందని చెప్పారుగా, ఇంక జలుబుదేముంది? ఫోన్ చేసింది ఆవిడే. కడిగేసి వచ్చాను. రేపు మనిద్దరం వెళదాం. ఆయన రాడు. రాకపోతే పీడా పోయింది. నువ్వుంటే చాలు నాకు."

తల్లి కొళాయి కట్టేసింది.

"మీ వదినని అనకు."

"ఎందుకు అనకూడదు?"

"ఆ పిల్ల చెయ్యలేదు."

తల్లి చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడిగా తుడుచుకుంది.

"నేను చేశాను."

పిన్నీసు నవ్వింది. తల్లి తనను ఊరడించడానికి నేరం నెత్తిన వేసుకుంటోందనుకుంది. తర్వాత తల్లి మొహం చూసింది.

"నువ్వా?"

"నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

"అమ్మా, నాతో వస్తానన్నావు. నా చీటీలన్నీ సంచిలో సర్దింది నువ్వే. ఖాళీ కడుపుతో వెళ్లాలని నాకు గుర్తుచేసింది నువ్వే."

"వస్తాననే అనుకున్నాను. మొన్న రాత్రంతా అనుకున్నాను. నా వల్ల కాలేదు."

"ఎందుకు?"

తల్లి పొయ్యి దగ్గరికి వెళ్లి, ఆరిపోయి ఉన్న పొయ్యిని చూసి, మళ్లీ వచ్చింది.

"నీకంటే ముందు ఒకడున్నాడు," అంది.

పిన్నీసు కుర్చీ తల్లి వైపు తిప్పుకుంది.

"అప్పుడు నాకూ నీలాగే ఇన్ని నెలలే. కడుపులో నొప్పని పోతే పేగు తియ్యాలన్నారు. బిడ్డకేం కాదన్నారు. నాకూ కాగితం మీద గీసే చూపించారు, ఇది ఇక్కడ, అది అక్కడ అని. కళ్లు తెరిచేసరికి లేడు. చెప్పింది డాక్టరు కూడా కాదు. పక్క మంచం ఆవిడ చెప్పింది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పేదేముంది?"

"అది అప్పుడమ్మా. ఇప్పుడు అలా కాదు."

"అప్పుడూ 'ఇప్పుడు అలా కాదు' అనే అన్నారు."

వాన చూరు నుంచి కిటికీ రేకు మీద పడుతోంది. పిన్నీసుకి తల్లి మీద జాలి కలిగింది. ఆ జాలి ఆమెకి నచ్చలేదు.

"మరి నేనూ నీ బిడ్డనేగా," అంది.

"నువ్వు పెద్దదానివి. ఓర్చుకోగలవు. మూడు నెలలు ఓర్చుకోవే. నా మాట విను."

"కాన్సర్ని ఓర్చుకుంటారా అమ్మా?"

తల్లి ఉలిక్కిపడింది. ఆ మాట ఆ ఇంట్లో గట్టిగా అనడం అదే మొదటిసారి. కింద మిషను ఆగింది.

"నాకు నొప్పి లేదు. నొప్పి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. నాకేమీ లేదు. తింటున్నా, నిద్రపోతున్నా. అది మాత్రం లోపల దాని పని అది చేసుకుంటోంది. నువ్వు ఫోన్ చేసినప్పుడూ చేసుకుంటోంది."

"ఆ బిడ్డ పోతే ఈ ఇంట్లో నీకేం మిగులుతుంది? చూశావుగా వీళ్లని."

"అందుకని నన్ను పోనిస్తావా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు!"

"నువ్వు చేసింది అదే. జ్వరమని చెప్పావు. అబద్ధం కూడా నీకు సరిగ్గా రాదు, అయినా చెప్పావు. వీళ్లు తెలియక చేశారు. నువ్వు తెలిసి చేశావు."

తల్లి మొహం గట్టిపడింది. కూతురి మొహంలాంటి మొహమే అది, పట్టు పట్టినప్పుడు మరీ.

"రేపు నువ్వు వెళితే నేనుండను. ఆపరేషన్ గది బయట నేను కూచోలేను. ఈ పూటే బస్సెక్కుతా."

"ఎక్కు."

"ఎక్కననుకున్నావా?"

"బస్సు అయిదింటికుంది. గొడుగు కింద ఉంది, తీసుకో."

తల్లి లోపలి గదిలోకి వెళ్లింది. మంచం కింద నుంచి సంచి లాగిన చప్పుడు, దాని జిప్పు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి.

మెట్ల మీద ఎవరో ఉన్నారని పిన్నీసు అప్పుడు గమనించింది. వదిన పై మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో ఆ లేతనీలం చొక్కా ఉంది, నాలుగు మడతలు పెట్టి.

"ఎంతసేపయింది వచ్చి?"

"సరిపడా." వదిన లోపలి గది వైపు గొంతు పెంచింది. "అత్తయ్యగారూ, నా మీదున్న నిందల్లో ఒకటి మీరు దించారు. సంతోషం. మిగతావి నేనే మోసుకుంటాలెండి."

లోపల సంచి జిప్పు మళ్లీ చప్పుడు చేసింది.

"ఎందుకొచ్చావు?" అంది పిన్నీసు.

"చొక్కా కింద వదిలేసి వచ్చావు."

"నాకక్కర్లేదు."

"సరే." వదిన దాన్ని చంకలో పెట్టుకుంది. వెళ్లలేదు. "ఆ కోటు విప్పు. నగల కొట్టాయనది. రేపటికి ఇవ్వాలి. తడి చేశావు."

"ఆయన్నే వచ్చి విప్పించుకోమను."

వదిన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు అనడానికి లేదు.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. ఆస్పత్రి నంబరు. పిన్నీసు, తల్లి బల్ల మీద వదిలేసిన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని తీసింది. చెవి దగ్గర పెట్టుకోబోయి, ఏమనుకుందో, బల్ల మీదే పెట్టి స్పీకరు నొక్కింది. అందరూ వినాలని కాబోలు.

"అమ్మా, వార్డు నర్సుని మాట్లాడుతున్నాను. డాక్టరు గారితో మాట్లాడాను. మీ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. జ్వరం లేదన్నారుగా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"అయితే రేపు పొద్దున్నే వచ్చేయండి. ఖాళీ కడుపుతో. రేపు తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆలస్యం చేసే కొద్దీ మంచిది కాదు. మీతో ఎవరుంటారు?"

లోపలి గదిలో చప్పుళ్లు ఆగాయి.

"నేనే వస్తాను," అంది పిన్నీసు.

"అలా కుదరదమ్మా. మీ మనిషి ఒకరు ఉండాలి. ఆ రోజంతా. రాత్రి కూడా. ఎవరూ లేరా?"

పిన్నీసు లోపలి గది తలుపు వైపు చూసింది. తల్లి సంచి చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు కూడా వేసుకుంది. కూతురి కళ్లలోకి చూసింది.

"ఆడపడుచు వస్తుందని చెప్పు," అంది వదిన.

పిన్నీసు తల తిప్పింది.

"నువ్వా?"

"నేనే."

"నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది."

"తెలుసు. నాకూ అంతే. మత్తిస్తారుగా, మంట తెలీదు."

"ప్రాయశ్చిత్తమా?"

"పెద్ద పెద్ద మాటలు నాకు రావు. వాళ్లు మనిషి కావాలంటున్నారు. నేను మనిషిని. చెప్తావా, ఆ అమ్మాయి పెట్టేసేదాకా చూస్తావా?"

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంది నర్సు.

"మా ఆడపడుచు వస్తుంది," అంది పిన్నీసు. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆమెకి కోపం వచ్చినట్టుంది. ఒక్కొక్క అక్షరం కొరికి చెప్పింది.

తల్లి సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. మెట్ల వైపు రెండడుగులు వేసింది. పై మెట్టు మీద వదిన గోడకి ఒత్తుకుని దారి ఇచ్చింది.

"మంచిది," అంది నర్సు. "ఇంకొక్కటి రాసుకుంటాను. బిడ్డ కదలిక బాగుందా ఇవాళ?"

"బా..."

పిన్నీసు ఆగిపోయింది.

పొద్దున లేచినప్పుడు కదిలిందా? లేచింది, ఆస్పత్రికని హడావుడిగా బయల్దేరింది. కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి మాట. ఆ తర్వాత వాన, బస్సు, గుమ్మం, గొడవ. ఇంత సేపట్లో ఆమె ఒక్కసారి కూడా పొట్ట మీద చెయ్యి వేసుకోలేదు. అందరితోనూ ఆ బిడ్డ కోసమే పోట్లాడింది. ఆ బిడ్డ ఏం చేస్తోందో మాత్రం ఆమెకి తెలియదు.

"అమ్మా?"

"గుర్తు లేదు," అంది పిన్నీసు.

"అంటే, కదల్లేదా?"

"తెలీదు. నేను చూసుకోలేదు."

"ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. చల్లటి నీళ్లు తాగి, చెయ్యి వేసి చూడండి. నేను లైన్లోనే ఉంటాను. కదలకపోతే రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే వచ్చేయండి."

వదిన చొక్కా బల్ల మీద పడేసి కొళాయి తిప్పింది. గ్లాసు నిండి పొర్లింది. పిన్నీసు తాగి, కిటికీ కింద ఉన్న చెక్క బెంచీ మీద ఎడమ పక్కకి ఒరిగింది. కోటు గుండీలు లేవు. తడి గుడ్డని పక్కకి నెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. చెయ్యి చల్లగా ఉండి ఏమీ తెలియలేదు.

సంచి నేల మీద పెట్టిన చప్పుడయింది.

తల్లి వచ్చి బెంచీ పక్కన కింద కూచుంది. చెప్పులు విప్పలేదు. కూతురి చెయ్యి పక్కకి జరిపి, తన చెయ్యి పెట్టింది. పిన్నీసు ఆ చేతిని తోసెయ్యాలనుకుంది. తొయ్యలేదు.

"ఇక్కడ కాదు, కిందికి," అంది వదిన.

"నాకు తెలుసు," అంది తల్లి.

"మాట్లాడకండి," అంది పిన్నీసు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. మాస్టరు పైకి వచ్చాడు. చేతులకి ఇంకా సుద్ద ఉంది. కింద ఏం ఆలోచించుకున్నాడో గానీ, ఏదో గట్టిగా నిర్ణయించుకున్నవాడిలా నోరు తెరిచాడు.

ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారే చెయ్యెత్తి అతన్ని ఆపారు.